పుస్తకానికీ డి-పట్టాయేనా?



'ఎక్విజిషన్' అనే మాట నేను మొదట విన్నది బడిలో కాదు, మా ఇంటి అరుగు మీద. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. చెరువు కింద మా తాతకు సర్కారు ఇచ్చిన ఎకరం పది సెంట్లూ, మా వాడలోనే ఇంకో పదిహేను కుటుంబాల ముక్కలూ కలిపి ఏదో పనికి కావాలన్నారు. పక్కనే పెద్ద రైతుల పొలాలు కూడా కొన్ని పోతున్నాయి. మా నాయన రెవెన్యూ ఆయన్ని అడిగాడు, "అయ్యా, వాళ్లకెంత ఇస్తే మాకూ అంతే గదా?" అని. ఆయన నవ్వి, "వాళ్లది ఎక్విజిషన్. మీది ఎక్విజిషన్ కాదు. గవర్నమెంటు ఇచ్చింది, గవర్నమెంటు వెనక్కి తీసుకుంటోంది, అంతే" అన్నాడు.

ఆ రోజు మా నాయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. భూమి పోతున్నందుకు కాదు ఆ ముఖం. ముప్పై ఏళ్లు దున్నిన భూమి తనది కాదని ఆ రోజే తెలిసినందుకు.

రెండోసారి అదే మాట యూనివర్సిటీ లైబ్రరీలో ఒక గది తలుపు మీద కనిపించింది. 'ఎక్విజిషన్ సెక్షన్'. నిజం చెబుతున్నా, ఒక్క క్షణం భయమేసింది. ఇక్కడెవరి భూమి తీసుకుంటున్నారు అనుకున్నా. తర్వాత తెలిసింది, లైబ్రరీకి పుస్తకాలు కొనే విభాగం అని. మూడోసారి పేపర్లో బిజినెస్ పేజీలో చూశాను. ఫలానా కంపెనీని ఫలానా కంపెనీ ఎక్విజిషన్ చేసింది అని.

భూమి, పుస్తకం, కంపెనీ. మూడు చోట్లా అదే మాట. తెలుగులోనూ మొదటి రెండింటికీ 'సేకరణే' వాడతాం. భూసేకరణ, గ్రంథ సేకరణ. చాలా కాలం ఇది మాటల తమాషా అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. కంపెనీలు చేసే ఎక్విజిషన్లు లైబ్రరీలు చేసే ఎక్విజిషన్లను మింగేస్తున్నాయి. ఆ మింగుడులో లైబ్రరీలకు మిగులుతున్నది ఏమిటయ్యా అంటే, మా తాత చేతిలో ఉన్న కాగితం లాంటిదే. డి-పట్టా.

ఈ భాగంలో చెప్పాలనుకున్నది ఇదే.

*

ముందు లైబ్రరీలో పుస్తకం ఎలా చేరుతుందో చూద్దాం. మనలో చాలామందికి ఇది తెలియదు. నాకూ తెలియదు, ఒక దెబ్బ తగిలేదాకా.

పీజీలో ఉండగా 'చిక్కనవుతున్న పాట' కోసం మా లైబ్రరీలో వెతికాను. 1995లో వచ్చిన దళిత కవితా సంకలనం అది. తెలుగు కవిత్వం చదివేవాడెవడైనా దాన్ని దాటి పోలేడు. కేటలాగ్‌లో లేదు. పోనీ ఎవరైనా తీసుకెళ్లారా అంటే, అసలు ఎప్పుడూ కొనలేదు. ఎందుకు కొనలేదు సార్ అని అడిగితే అక్కడి పెద్దాయన చాలా మర్యాదగానే చెప్పాడు. "ఎవరూ అడగలేదు బాబూ."

అంతే. ఎవరూ కుట్ర చేయలేదు. నిషేధించలేదు. ఎవరూ అడగలేదు.

అడిగేదెవరు? డిపార్ట్‌మెంటు నుంచి లిస్టు రావాలి. లిస్టు మీద హెడ్డు సంతకం ఉండాలి. లైబ్రరీ కమిటీ ఒప్పుకోవాలి. తర్వాత సప్లయర్ల నుంచి కొటేషన్లు పిలుస్తారు. సప్లయరు డిస్కౌంటు ఇవ్వాలి, పుస్తకానికి ఐఎస్‌బీఎన్ ఉండాలి, బిల్లు సక్రమంగా ఉండాలి, డబ్బులు నెలల తర్వాత వచ్చినా ఆగగలగాలి. ఇప్పుడు మన పుస్తకం సంగతి చూడండి. కవి అప్పు చేసి అయిదొందల కాపీలు అచ్చేయించుకుంటాడు. వంద కాపీలు సభలో పంచుతాడు. మిగిలినవి మంచం కింద. ఐఎస్‌బీఎన్ లేదు, డిస్ట్రిబ్యూటర్ లేడు, కొటేషన్ వేసే నాథుడు లేడు. పైగా లిస్టు రాసే కుర్చీల్లో మనవాళ్లు ఎంతమంది? ఈ జల్లెడలో మన పుస్తకం జారి కింద పడడానికి ఎవరి దుర్మార్గమూ అక్కర్లేదు. జల్లెడ కన్నాల సైజు చాలు.

బాబాసాహెబ్‌కే ఇది తప్పలేదు. లాహోర్‌లో జాత్-పాత్-తోడక్ మండల్ వాళ్లు 1936లో ఉపన్యాసానికి పిలిచి, రాసింది చూసి వెనక్కి తగ్గారు. ఆయన ఆ ఉపన్యాసాన్ని తన ఖర్చుతో 1,500 కాపీలు అచ్చేయించారు. అదే 'కులనిర్మూలన'. ఈ దేశపు అతి ముఖ్యమైన పుస్తకాల్లో ఒకటి పుట్టింది రచయిత సొంత ప్రచురణగానే. మరుసటి ఏడాది రెండో ముద్రణ ముందుమాటలో ఏయే భాషల్లోకి అనువాదమైందో, ఏయే భాషల్లోకి అవుతోందో ఆయనే రాశారు. గుజరాతీ, తమిళం, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళం. ఆ జాబితాలో తెలుగు లేదు.

అందుకేనేమో ఆయన ఇల్లు కట్టుకుంటే పుస్తకాల కోసం కట్టుకున్నారు. దాదర్‌లోని రాజగృహ. వేల వేల పుస్తకాలు. కులం తలుపు మూసిన చోట తానే ఒక ఎక్విజిషన్ సెక్షన్ అయిన మనిషి బాబాసాహెబ్.

ఇంత కష్టపడి లోపలికి చేరితే పుస్తకానికి ఏం దక్కుతుంది? ఒక నంబరు. యాక్సెషన్ నంబరు. రిజిస్టర్లో ఆ నంబరు వేసి, పుస్తకం మీద ముద్ర కొట్టాక, అది సంస్థ ఆస్తి. తీసేయాలంటే కారణం రాయాలి, కమిటీ ఒప్పుకోవాలి, సంతకాలు కావాలి. ప్రభుత్వం మారినా, వీసీ మారినా, ఆ పుస్తకం బీరువాలో ఉంటుంది. ఎవరూ చదవకపోయినా ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఏ పల్లె నుంచో వచ్చిన ఒక పిల్ల దాన్ని తీసి చూస్తుంది. గ్రంథ సేకరణ అంటే నా దృష్టిలో ఇది. ఒకరి దగ్గర ఉన్నదాన్ని అందరిదీ చేయడం. పుస్తకానికి పక్కా పట్టా రాసివ్వడం.

ఆ పట్టాయే ఇప్పుడు మారిపోతోంది.

*

కంపెనీల సంగతికి వద్దాం. కొంచెం ఓపిగ్గా వినండి, పేర్లు కొత్తగా ఉన్నా కథ పాతదే.

ఎల్సెవియర్ అని ఒక పెద్ద జర్నళ్ల కంపెనీ ఉంది. 1991లో పెర్గమాన్ అనే ఇంకో పెద్ద ప్రచురణ సంస్థను కొన్నది. 2013లో పరిశోధకులు తమ వ్యాసాలు దాచుకునే మెండెలీని కొన్నది. 2016లో అచ్చుకు ముందే పరిశోధనా పత్రాలు ఉచితంగా పంచుకునే ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్‌ను కొన్నది. 2017లో బీప్రెస్‌ను కొన్నది. యూనివర్సిటీలు తమ పరిశోధనను తామే భద్రపరచుకోవడానికి వాడే వ్యవస్థ అది. అంటే కంపెనీకి ప్రత్యామ్నాయంగా కట్టుకున్న గుడిసెలను కూడా కంపెనీయే కొనేసింది. రాసేవాడికి డబ్బివ్వరు, సరిచూసే ప్రొఫెసర్‌కి డబ్బివ్వరు. ఆ వ్యాసాన్నే మళ్లీ మన లైబ్రరీకి అమ్ముతారు. రూపాయి అమ్మకంలో 35 పైసలకు పైగా లాభం. ఊరికే వడ్డీ వ్యాపారం అంటారా మరి?

ఇంకొకటి క్లారివేట్. ఏ జర్నల్ గొప్పదో ఏది కాదో లెక్క తేల్చే 'వెబ్ ఆఫ్ సైన్స్' ఈ కంపెనీదే. 2021 డిసెంబరులో ఇది ప్రోక్వెస్ట్‌ను 530 కోట్ల డాలర్లకు కొన్నది. ప్రోక్వెస్ట్ లైబ్రరీలకు డేటాబేసులు, ఈ-బుక్కులు అమ్మే సంస్థ. అది అప్పటికే 2015లో ఎక్స్ లిబ్రిస్‌నూ, 2020లో ఇన్నోవేటివ్‌నూ కొనేసింది. ఈ రెండూ లైబ్రరీలు కేటలాగ్ నడుపుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్ కంపెనీలు.

ఇప్పుడు కలిపి చూడండి. లైబ్రరీకి సరుకు అమ్మేది వాళ్లే. కొన్న సరుకును లెక్క రాసే సాఫ్ట్‌వేర్ వాళ్లదే. ఆ సరుకులో ఏది విలువైనదో చెప్పేదీ వాళ్లే. ఊళ్లో విత్తనం, తూకం, ధర, మూడూ ఒకే షావుకారు చేతిలో ఉంటే రైతు గతి ఏమిటో మన తాతలకు తెలుసు.

షావుకారు తర్వాత ఏం చేస్తాడో కూడా తెలుసు. 2025 ఫిబ్రవరిలో క్లారివేట్ ఒక ప్రకటన చేసింది. ఒకసారి డబ్బు కట్టి శాశ్వతంగా ఈ-బుక్కు కొనుక్కునే పద్ధతి ఇక ఉండదు, ఆ ఏడాది చివరికి ఆపేస్తాం, ఇకపై చందాయే అని. ప్రపంచవ్యాప్తంగా లైబ్రేరియన్లు గొడవ చేస్తే గడువు 2026 జూన్ దాకా పొడిగించింది. గడువు పొడిగించింది గానీ నిర్ణయం మార్చుకోలేదు.

చందా అంటే ఏమిటి? ఏటా కడితే చదవొచ్చు. ఆపితే తలుపు మూసుకుంటుంది. రిజిస్టర్లో యాక్సెషన్ నంబరు ఉండదు. బీరువాలో పుస్తకం ఉండదు. పది ఏళ్లు కట్టి పదకొండో ఏడు కట్టకపోతే, పది ఏళ్ల డబ్బుకు మిగిలేది ఖాళీ తెర.

అనుభవించు, కానీ నీది కాదు. అమ్ముకోకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇచ్చినవాడు కావాలనుకున్నప్పుడు వెనక్కి తీసుకుంటాడు. ఈ షరతులు ఎక్కడో విన్నట్టు లేదూ? ఇవి మా తాత పట్టా కాగితం వెనక ఉన్న షరతులే. ఎసైన్డ్ భూముల మీద 1977 చట్టం ఆ భూమిని అమ్ముకోనివ్వలేదు. పైవాళ్లు తీసుకునేటప్పుడు మాత్రం 'వెనక్కి తీసుకోవడం' అన్నారు, పరిహారం బదులు దయతలచి ఇంత అన్నారు. పేదవాడి భూమికి కూడా పక్క పొలంతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పడానికి మేకల పాండు కేసులో ఉమ్మడి ఏపీ హైకోర్టు విస్తృత ధర్మాసనం కూర్చోవాల్సి వచ్చింది. అది 2004లో. మా వాడ భూమి అప్పటికే పోయింది.

లైబ్రరీ సైన్సు చదివిన వాళ్లు దీన్ని 'లైసెన్సింగ్ మోడల్' అంటారు. మనకు ఆ పేరు అక్కర్లేదు.

*

"అయితే మాకేంటన్నా? అవన్నీ ఇంగ్లీషు జర్నళ్లు గదా" అని ఒక తమ్ముడు అడిగాడు. సరే, ఇంటి దగ్గరి కథ చెబుతా.

వెస్ట్‌ల్యాండ్ అని మన దేశపు ప్రచురణ సంస్థ. టాటాల చేతిలో ఉండేది. అమెజాన్ కొన్నది. పెరుమాళ్ మురుగన్ 'పూనాచి' ఇంగ్లీషులో అక్కడి నుంచే వచ్చింది. మోదీ పాలన మీద క్రిస్టఫ్ జాఫ్రెలో రాసిన పెద్ద పుస్తకం ఇక్కడ వాళ్లే వేశారు. 2022 ఫిబ్రవరిలో అమెజాన్ ఒక రోజు దాన్ని మూసేస్తున్నామని చెప్పింది. పుస్తకాలు అచ్చులో లేకుండా పోతాయని పాఠకులు షాపులకు పరిగెత్తారు, ఉన్న కాపీలు కొనుక్కున్నారు. ఎవరూ ఆ పుస్తకాలను నిషేధించలేదు. కోర్టు ఆర్డరు లేదు, పోలీసులు రాలేదు. కొన్నవాడు దుకాణం కట్టేశాడు, అంతే. ఆ జట్టు అదే ఏడాది ప్రతిలిపి అండతో మళ్లీ నిలబడింది గనుక సరిపోయింది. ప్రతిసారీ అలా జరగదు.

నేను ఆ వారం ఆలోచించింది ఒకటే. కంపెనీ మూతపడినా ఏ కాపీలు మిగులుతాయి? ఏదో ఒక లైబ్రరీలో నంబరు పడిన కాపీలు. అవి అమెజాన్ వెనక్కి తీసుకోలేదు. కానీ 2009లో అదే అమెజాన్, హక్కుల తగాదా వచ్చిందని, జనం డబ్బు పెట్టి కొన్న ఆర్వెల్ '1984' ఈ-పుస్తకాన్ని వాళ్ల కిండిల్‌లో నుంచే తుడిచేసింది. తర్వాత క్షమాపణ చెప్పింది, అది వేరే సంగతి. తుడిచేయగలదని మనకు తెలిసింది.

కాగితం పుస్తకానికీ తెర మీది లైసెన్సుకూ ఉన్న తేడా వాసనలో లేదు, పాత జ్ఞాపకాల్లో లేదు. ఎవడు తీసేయగలడు అన్న ప్రశ్నలో ఉంది.

*

ఇప్పుడు ప్రభుత్వం సంగతి. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'కు ఒప్పుకుంది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలు, 13,000 దాకా జర్నళ్లు, 6,300 ప్రభుత్వ విద్యాసంస్థలు, 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. 2025 జనవరి నుంచి అమలు.

దీన్ని ఊరికే తిట్టను. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలో పరిశోధన చేసే మన చెల్లెలు, ఐఐటీలో ఉన్నవాడు చదివే వ్యాసమే చదవగలుగుతుంది. నా రోజుల్లో ఒక వ్యాసం కోసం ఢిల్లీలో ఉన్న స్నేహితుడిని బతిమాలేవాణ్ణి. ఆ బతిమాలుడు పోవడం మంచిదే.

కానీ రెండు ప్రశ్నలు. మొదటిది, మన పిల్లలు ఎక్కడున్నారు? తెలుగు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే వేలాది దళిత విద్యార్థులు ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో, ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో ఉన్నారు. ఈ పథకం మొదలైంది ప్రభుత్వ సంస్థలతో. ఒకే దేశం అన్నారు గానీ ఆ దేశంలో వాళ్లు ఇంకా చేరలేదు. రెండోది, ఇది కొనుగోలు కాదు, చందా. 6,000 కోట్లు పెట్టి దేశం పుస్తకాలు కొనుక్కోలేదు, కౌలుకు తీసుకుంది. కౌలు గడువు 2027తో తీరుతుంది. అప్పుడు ఎంతడిగితే అంత కట్టాలి, లేదా దించుకోవాలి. బేరం చేసే బలం ఎవరిది?

ఇంకోవైపు మన ఊరి గ్రంథాలయం చూడండి. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మా వాడలో రేకుల ఇంటికీ అది కడుతున్నారు. వసూలు చేసిన సెస్సును మున్సిపాలిటీలు, పంచాయతీలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెట్టడం రెండు రాష్ట్రాల్లోనూ పాత రోగం. డబ్బు రాదు, కొత్త పుస్తకం రాదు. పోటీ పరీక్షల గైడ్లు, దినపత్రికలు. అవీ కావాలి, కాదనను. కానీ ఒక కథల పుస్తకం, ఒక దళిత ఆత్మకథ అక్కడికి చేరి ఎన్నాళ్లయిందో మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లి అడగండి. విదేశీ కంపెనీకి కౌలు కట్టడానికి దారి దొరికింది. మన 8 పైసలు మన పుస్తకం దాకా రావడానికి మాత్రం దారి దొరకడం లేదు.

*

"ఫోన్లో పీడీఎఫ్ దొరుకుతుంది గదన్నా, ఈ లైబ్రరీల గోల ఎందుకు?" ఇది నేను ఎక్కువగా వినే మాట.

దొరుకుతాయి. నేనూ చదివాను, దాచుకోను. సై-హబ్ లేకపోతే ఈ దేశంలో ఎంత పరిశోధన ఆగిపోయేదో అందరికీ తెలుసు. 2020 చివర్లో ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. 2025 ఆగస్టులో దాన్ని బ్లాక్ చేయమని ఆర్డరు వచ్చింది. లింకు మీద నిలబడ్డ చదువు లింకుతోనే పోతుంది. ఇంకోటి కూడా చెప్పాలి. అప్పు చేసి అచ్చేసుకున్న మన కవి పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో తిప్పితే నష్టపోయేది ఎల్సెవియర్ కాదు, మనవాడే.

కోర్టు అంటే ఎప్పుడూ ఓటమే అనుకోవద్దు. ఢిల్లీ యూనివర్సిటీలో రామేశ్వరి ఫొటోకాపీ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ 2012లో కేసు వేశాయి. విద్యార్థులే సంఘంగా ఏర్పడి కేసులో చేరారు. 2016లో హైకోర్టు, చదువు కోసం పాఠాల కాపీలు తీసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. ఒక జిరాక్సు షాపు, కొందరు విద్యార్థులు మూడు మహా కంపెనీలను నిలబెట్టారు.

*

సరే, ఏం చేద్దాం? నినాదం కాదు, పని చెబుతున్నా.

ఒకటి. అడుగుదాం. ప్రతి లైబ్రరీలో పుస్తకాల కోసం సూచన రాసే రిజిస్టరో ఫారమో ఉంటుంది, లేకపోతే కాగితం మీద అర్జీ రాయొచ్చు. తలా అయిదు పుస్తకాల పేర్లు, రచయిత, ప్రచురణకర్త చిరునామాతో సహా రాయండి. యాభై మంది రాస్తే "ఎవరూ అడగలేదు" అనే మాట చచ్చిపోతుంది.

రెండు. లెక్క తీద్దాం. గత అయిదేళ్లలో ఏ పుస్తకాలు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఎంత డబ్బు చందాలకు పోయింది, ఎంత సొంత పుస్తకాలకు పోయింది? సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు. జిల్లా గ్రంథాలయ సంస్థకు రావాల్సిన సెస్సు బకాయి ఎంతో కూడా అలాగే అడగండి. లైబ్రరీ కమిటీలో విద్యార్థి ప్రతినిధి ఉండాలని పట్టుబట్టండి.

మూడు. ఇది రచయితలకు. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. అది లేకుండా పుస్తకం వేయకండి. 1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం నాలుగు లైబ్రరీలకు పంపాలి. కోల్‌కతా జాతీయ గ్రంథాలయం, చెన్నై కన్నెమర, ముంబైలో ఒకటి, ఢిల్లీలో ఒకటి. దీన్ని మనం భారంగా చూస్తున్నాం. నేనంటాను, అది మన హక్కు. ఏ కులం కమిటీ అనుమతీ లేకుండా జాతీయ గ్రంథాలయంలోకి నేరుగా నడిచి వెళ్లే దారి. నాలుగు కాపీల పోస్టు ఖర్చు. మనలో ఎంతమందిమి పంపుతున్నాం?

నాలుగు. విరాళంగా ఇచ్చేటప్పుడు పుస్తకం బల్ల మీద పెట్టి ఫొటో దిగి వచ్చేయకండి. రిజిస్టర్లో ఎక్కించమనండి. నంబరు చూసుకుని రాసుకోండి. నంబరు పడని పుస్తకం లైబ్రరీలో ఉన్నా లేనట్టే, పట్టా లేని ఇల్లులాగే.

పోయిన నెల నేను చదివిన ఆ లైబ్రరీకే మళ్లీ వెళ్లాను. మా జిల్లా కవి ఒకాయన, ఇప్పుడు లేడు, ఆయన పుస్తకం రెండు కాపీలు ఇచ్చాను. అక్కడి చిన్నపిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరిందట, "పేపర్లు పెట్టి వెళ్లండి సార్, చూస్తాం" అంది. "అమ్మా, నంబరు వేసేదాకా ఇక్కడే కూర్చుంటా" అన్నాను. నవ్వింది. రిజిస్టరు తీసింది, ముద్ర కొట్టింది, నంబరు వేసింది. బతికున్నప్పుడు ఆయన పేరు మీద సెంటు భూమి లేదు. ఆ నంబరు నా ఫోన్లో ఉంది. మీరు కూడా ఒక నంబరు సంపాదించి పంపండి, జాబితా చేద్దాం.

వచ్చే భాగంలో హాస్టల్ లైబ్రరీల గురించి.

జై భీమ్.